వ్యాయామం కాదు, డాన్సే

తెనాలి మారీసుపేటలో దేవకుమారి గురించి మీరు ఇప్పటికే నాలుగు రకాలుగా విని ఉంటారు. అందులో మూడు రకాలు నా నోటి నుంచి బయల్దేరినవే. ఇప్పుడు చెప్పేది మాత్రం నా కళ్ళతో చూసింది. కాస్త ఉప్పూ కారం వేస్తాను, అంతే. కూర మాత్రం అదే.

మనిషి పొడుగు. ఎంత పొడుగంటే, రేపల్లె పాసింజరు ఎక్కేటప్పుడు తలుపు దగ్గర తల వంచితే మళ్ళీ వేమూరులో గానీ ఎత్తదు. నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో నా దగ్గర ఏడు కారణాలున్నాయి. ఆవిడ దగ్గర ఒక్కటే ఉంది.

"నాకు బుద్ధి పుట్టలేదండి" అంటుంది. ఇంక దాని మీద మనం ఏం అల్లుతాం?

పుట్టింది రేపల్లెలో. తండ్రి బాలస్వామిది బ్యాండు మేళం. ఎర్రకోటు, బంగారు రంగు గుండీలు, చేతిలో క్లారినెట్. పెళ్ళికి ఆయన ఊదితే పెళ్ళికొడుకు కారు దిగి జనంతో పాటు నడిచేవాడు. చావుకి ఊదితే పెట్టెలో పడుకున్నవాళ్ళకి కూడా కళ్ళు చెమర్చేవని మా అత్త ఒట్టేసి చెప్పేది. ఆ మేళం వీధిలోకి వస్తే దేవకుమారి కాళ్ళు నిలిచేవి కావు. ఇంత పిల్లప్పటి నుంచీ డప్పు వెనకాల ఎగురుకుంటూ పోయేది. బాలస్వామి క్లారినెట్ నోట్లోంచి తీసి మరీ కసిరేవాడు.

"ఆడపిల్లవి, రోడ్డు మీద ఆ గంతులేంటే? ఇంట్లోకి పో!"

ఇంట్లోకి పోయేది. పోయి, కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే ఎగిరేది. ఆ కిటికీ ఊచలు వంకర పోయింది అందుకేనంటారు. వంకర పోయిన మాట నిజం. నేను చూశాను.

పెద్దదయ్యాక కుట్టుపని నేర్చుకుని బెంగుళూరు పోయింది. బట్టల ఫ్యాక్టరీలో పని. సెలవు రోజుల్లో బయటి కుట్టుపని కూడా పట్టేది. ఒకసారి ఎవరో డాన్సులవాళ్ళు గౌన్లు కుట్టమన్నారట. తిరిగితే గొడుగులా విచ్చుకోవాలి, ఆగితే కాళ్ళకి చుట్టుకోవాలి. కుట్టిన గౌన్లు ఇవ్వడానికి వాళ్ళ హాలుకి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల పాట పెట్టారు. అందులో క్లారినెట్, బూరాలు, డ్రమ్ము.

"మా నాన్న మేళం ఇంత దూరం ఎట్లా వచ్చిందా అనుకున్నాను" అని నాతో చాలాసార్లు చెప్పింది.

అవి అమెరికాలో నల్లజాతివాళ్ళు పుట్టించిన డాన్సులట. స్వింగ్ అంటే ఇద్దరు చేతులు పట్టుకుని హుషారుగా గంతులేస్తూ తిరిగేది. బ్లూస్ అంటే గుండెలో బరువున్నవాళ్ళు మోకాళ్ళు వంచి, నేలని వదలకుండా నెమ్మదిగా ఆడేది. వారమంతా ఒకళ్ళకి చాకిరీ చేసినవాళ్ళు, ఈ పూట మాత్రం ఈ ఒళ్ళు మాదేనని ఆడిన ఆటలట. ఆ మాట వినగానే మా దేవకుమారి గౌన్లు అక్కడ పడేసి, చెప్పులు విప్పేసింది.

ఆ డాన్సులో ఒకళ్ళు నడిపించాలి, ఒకళ్ళు నడవాలి. ఆ హాల్లో ఆడవాళ్ళు ఎక్కువ, మగాళ్ళు తక్కువ. పొడుగ్గా ఉందని ఈవిడని నడిపించే వైపు నిలబెట్టారు. అప్పటి నుంచి అదే వైపు ఉండిపోయింది. మళ్ళీ దిగమంటే దిగలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక తెనాలి వచ్చేసింది. నేర్చింది నేర్పుతానంది. గది ఎవరిస్తారు? చివరికి ఎబినేజర్ మాస్టారు ఒప్పుకున్నాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా చర్చిలో సంఘ పెద్ద. ఆయన తెల్లచొక్కా మడత మీద వంకాయ తరగొచ్చు. ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది గానీ, ఒక షరతు పెట్టాడు.

"డాన్సు అనే మాట నా ఇంటి మీద కనపడకూడదు. వ్యాయామం అని రాయించు."

గది దొరికితే చాలనుకుని ఈవిడ సరేనంది. 'మహిళా వ్యాయామ కేంద్రం' అని బోర్డు లేచింది. టీచర్లు వచ్చారు, గుమాస్తాలు వచ్చారు. రేపల్లె నుంచి పొద్దున్న రైల్లో చేపల గంపతో వచ్చే రత్తాలు, గంప ఖాళీ అయ్యాక సాయంత్రం రైలు దాకా ఇక్కడే ఉండేది. మొదటి రోజు పెద్ద మాటలు మాట్లాడింది రత్తాలే.

"గంప నెత్తిన పెట్టుకుని పడవ దిగేదాన్ని నేను. ఈ అడుగు నాకో లెక్కా అక్కా?" అంది. అని, రెండో అడుగుకే దబ్బున పడింది. ఆ చప్పుడుకి కింద ఇంట్లో గోడ మీద ఫోటోలు ఊగాయి.

ఆ ఫోటోల కింద మంచం మీద ఉండేది మాణిక్యాంబగారు, ఎబినేజర్ మాస్టారి తల్లి. ఎనభై ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషి. ఒకరోజు ఆవిడ చెక్క రెయిలింగు పట్టుకుని మేడ మెట్లెక్కింది. ఆవిడ పైకి చేరేలోగా రేపల్లె వెళ్ళి రావచ్చు. అందరూ పాట ఆపేసి, తిట్లకి సిద్ధమై నిలబడ్డారు.

"ఏమే పొడుగమ్మాయ్, రోజూ నా నెత్తి మీద ఎగురుతున్నారు. ఏం ఎగురుతున్నారో నాకు చూపించరా?"

"మీరూ నేర్చుకుంటారా మామ్మగారూ?"

"నేర్చుకుందును గానీ మోకాళ్ళు అరిగిపోయాయే. గిర్రున తిరగలేను."

"అయితే మీరు తిరగొద్దు. తిప్పండి" అంది దేవకుమారి.

ఆ డాన్సులో కిటుకు అది. నడిపించేవాళ్ళు పెద్దగా కదలక్కర్లేదు. ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకుని కాస్త వెనక్కి వాలితే వాళ్ళు మన వైపు వస్తారు. అప్పుడు చెయ్యి పైకెత్తితే దాని కిందుగా తిరిగి పోతారు. బలం అక్కర్లేదు. సమయానికి ఎత్తడమే. మాణిక్యాంబగారు అది పట్టేసింది. రత్తాలుని తిప్పింది. టీచర్లని తిప్పింది. పాలు పోయడానికి వచ్చిన సుందరయ్యని గుమ్మంలోనే ఒక చుట్టు తిప్పి పంపింది. తిరిగేశాక గానీ తిరిగినట్టు అతనికి తెలియలేదు. పాలు మాత్రం ఒలికాయి.

ఇంతలో బాపట్లలో ఒక పాత విద్యార్థుల సభకి వీళ్ళని పిలిచారు. చీరలు మోకాళ్ళ దాకా దోపి, మీద గొడుగు గౌన్లు వేసుకుని స్టేజీ ఎక్కారు. ముందు వరసలో దేవకుమారి, రత్తాలు. పాట మొదలై, ఇద్దరూ చేతులు పట్టుకోగానే వెనక కుర్చీల్లోంచి ఒకడు అరిచాడు.

"మగాడు దొరకలేదా అమ్మా?"

"దొరికాడు నాయనా! అడుగు తప్పుతున్నాడని ఇంటికి పంపేశా!" అని దేవకుమారి స్టేజీ మీంచే అరిచి, ఆ ఊపులోనే రత్తాలుని తిప్పింది.

జనం ఈల వేశారు. బాపట్లలో మొదలైన ఆ ఈల సూర్యలంక సముద్రం దాకా వినపడిందని అక్కడివాళ్ళు అంటారు. నేను కూడా అంటున్నాను. అయిపోయాక మైకు పట్టుకున్నాయన అడిగాడు.

"ఇదేం వ్యాయామం అండీ?"

"వ్యాయామం కాదండి. డాన్సు" అంది.

ఎవరో ఫోన్లో పట్టిన వీడియో మర్నాడు పొద్దున కాఫీ కంటే ముందు ఎబినేజర్ మాస్టారి చేతికి వచ్చింది. ఆయన మెట్లెక్కి వచ్చాడు.

"సంఘంలో పదిమందికీ వ్యాయామమని చెప్పుకున్నాను. నువ్వు నా పరువు బాపట్ల స్టేజీ మీద తీశావు. అమ్మకి ఎనభై నిండుతున్నాయి, కృతజ్ఞతా కూడిక పెడుతున్నాను. ఆరోజు అందరి ముందూ మైకులో చెప్పు, అది డాన్సు కాదు, వ్యాయామం అని. చెప్తే గది నీది. చెప్పకపోతే తాళంచెవి నాకిచ్చి వెళ్ళు."

ఆయన దిగి వెళ్ళాక రత్తాలు అంది, "చెప్పెయ్యక్కా. ఒక్క మాటేగా. చెప్పి, మన మానాన మనం ఆడుకుందాం."

"ఒక్కమాటే రత్తాలూ. ఒకసారి బోర్డు మీద రాసినందుకే ఇంత దాకా వచ్చింది. ఇప్పుడు మైకులో చెప్తే రేపు నీ మొహం చూసి వ్యాయామం నేర్పాలి."

"గది పోతే?"

"పోతే పోతుంది" అంది గానీ, ఆ గది నేల వైపు ఎట్లా చూసిందో మెట్ల దగ్గర నిలబడి నేను చూశాను. ఎర్రగచ్చు నేల. వీళ్ళ కాళ్ళకి అద్దంలా నున్నబడింది. అలాంటి నేల మళ్ళీ తెనాలిలో దొరకదు.

కూడిక రోజు ఇంటి ముందు షామియానా వేశారు. ప్రార్థన, పాస్టరుగారి వాక్యం, దేవుడు చేసిన మేలులు చెప్పుకునే సాక్ష్యాలు, కేకు, బిర్యానీ. అన్నిటికంటే ముందు చర్చి నుంచి ఇంటి దాకా మేళంతో మాణిక్యాంబగారిని తీసుకొచ్చారు. ఆ మేళం ఎవరిదనుకున్నారు? రేపల్లె బాలస్వామిదే. ముసలాయన, ఎర్రకోటు వెలిసి గులాబీ రంగుకి వచ్చింది. కూతురు డాన్సు నేర్పే గది పైన ఉంది కదా, ఎప్పుడైనా ఎక్కావా అంటే, "ఆ మెట్లు నాకు పడవమ్మా" అనేవాడు. ఊరేగింపులో ఊరంతా నడిచే మనిషి.

సాక్ష్యాలయ్యాక ఎబినేజర్ మాస్టారు మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మన వ్యాయామ కేంద్రం గురించి సహోదరి దేవకుమారి రెండు మాటలు చెబుతుంది."

దేవకుమారి లేచింది. షామియానా గుడ్డ తలకి తగిలింది.

"అందరికీ వందనాలండి. పైన మేం చేసేది డాన్సు కాదని మీకు చెప్పమన్నారు మాస్టారు. మేం చేసేది డాన్సే. చేతులు పట్టుకుంటాం. నడుములు కదుపుతాం. చెమటలు పడతాయి, నవ్వుకుంటాం. చెమట పట్టిన ప్రతిదీ వ్యాయామమైతే చుండూరు పొలాల్లో నాట్లేసేవాళ్ళది కూడా వ్యాయామమేనండి, వాళ్ళ గట్టు మీద కూడా బోర్డు పెట్టించండి. నాకు ఆ బోర్డు వద్దు. తాళంచెవి ఇదిగో."

తాళంచెవి కేకు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. మాస్టారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇప్పుడు కేకు."

మా వైపు ఒక పద్ధతుంది. కూడిక ఎవరి కోసం పెట్టారో వాళ్ళని పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపి, కేకు దగ్గరికి నడిపించాలి. అప్పుడు మేళం వాయించాలి. మాస్టారు వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకున్నావా ఎబినేజరూ?"

"పట్టుకున్నానమ్మా. పద."

"వదలకు మరి." ఆవిడ మేళం వైపు తిరిగింది. "బాలస్వామీ, ఊదవయ్యా. శవం ముందు ఊదినట్టు కాదు!"

బాలస్వామి కూతురి వైపు చూశాడు. తర్వాత కాలితో తాళం వేసి, డ్రమ్మువాడికి కనుసైగ చేశాడు. ఎప్పుడూ ఈడుస్తూ వాయించే కీర్తన అదే. కానీ ఆ పూట అది గెంతుతూ వచ్చింది. ఆయన వేళ్ళు క్లారినెట్ మీద ఎట్లా పరిగెత్తాయంటే, వాటికి నా కళ్ళు అందలేదు.

మాణిక్యాంబగారు ఒక్క పిసరు వెనక్కి వాలింది. తల్లి పడిపోతుందేమోనని మాస్టారు ముందుకొచ్చాడు. ఆవిడ చెయ్యి పైకెత్తింది. సంఘ పెద్ద, రిటైర్డ్ హెడ్మాస్టరు, వంకాయ తరిగే చొక్కాతో సహా, ఆ చేతి కింద నుంచి గిర్రున తిరిగి జనం వైపు మొహం పెట్టి ఆగాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. నోరు తెరుచుకునే ఉంది.

ఆవిడ రెండోసారి ఎత్తింది.

మొదటిది తెలియక తిరిగాడనుకుందాం. రెండోదానికి మాస్టారు తల వంచాడు. చెయ్యి తగలకుండా, తనంతట తనే వంచాడు. కాలు జారిందని ఇప్పటికీ అంటాడు. జారిన మనిషి తల వంచడండీ.

"ఆడవాళ్ళు చేతులు పట్టుకుని తిరిగితే పరువు పోతుందంటివి. నీది ఇప్పుడు ఎక్కడ పడిందో వెతుక్కోరా" అంది మాణిక్యాంబగారు.

అప్పటికే దేవకుమారి రత్తాలు చెయ్యి అందుకుంది. టీచర్లు లేచారు, గుమాస్తాలు లేచారు. కుర్చీలు వెనక్కి పడ్డాయి. పాస్టరుగారు బిర్యానీ వైపు తిరిగి కూర్చున్నారు, తనేమీ చూడలేదని రేపు చెప్పుకోవడానికి.

ఇంత జరిగినా మాస్టారు తాళంచెవి ఇవ్వలేదు. ఇస్తాడని నేననుకున్నాను. మాట మాటేనన్నాడు. మేడ గదికి ఈరోజుకీ తాళం ఉంది, ఆ ఎర్రగచ్చు నేల మీద దుమ్ము పడుతోంది.

కానీ మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబగారి మంచం వీధి వైపు హాల్లోంచి వెనక గదిలోకి వెళ్ళింది. మోసింది రత్తాలు.

"ఇదేంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"నా మంచం ఎక్కడ వేసుకోవాలో నువ్వు చెప్తావా?"

హాలు ఖాళీ అయింది. గోడ మీద ఫోటోలు తీసి దాచారు. గుమ్మం పక్కన కొత్త బోర్డు పెట్టారు, 'దేవకుమారి డాన్సు. స్వింగ్, బ్లూస్' అని. మాస్టారు రెండుసార్లు పీకాడు, దేవకుమారి మళ్ళీ మూడుసార్లు కొట్టింది. ఒకటి ఎక్కువ ఎందుకే అంటే, మేకు వదులుగా ఉందని అనుమానమొచ్చిందట. బాలస్వామి ఒక్కోరోజు రైలు దిగి వచ్చి, అరుగు మీద క్లారినెట్ పెట్టెతో కూర్చుంటాడు.

"ఎండగా ఉంది, కాసేపు ఆగి పోతా" అంటాడు.

"వీధిలో ఏంటి నాన్నా? ఇంట్లోకి రా" అంటుంది దేవకుమారి.

రోజూ సాయంత్రం పాట మొదలవగానే ఎబినేజర్ మాస్టారు వచ్చి రోడ్డు వైపు కిటికీ మూసేస్తాడు. దారిన పోయేవాళ్ళు చూస్తారట. ఆయన వెళ్ళగానే మాణిక్యాంబగారు కర్రతో తోసి తెరుస్తుంది. ఆయన మళ్ళీ వస్తాడు. నిన్న మూడోసారి ఆయన కిటికీ తలుపు మీద చెయ్యి వేసేసరికి దేవకుమారి పాట మధ్యలోనే వచ్చి రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"ఉండనివ్వండి మాస్టారూ. డాన్సు చేస్తున్నాం" అంది.

రోడ్డు మీద నేను, ఇంకా సగం మారీసుపేట నిలబడి చూస్తూనే ఉన్నాం.