గంజి తినే పొడి

కరీంనగర్‌లో మరమగ్గాల బట్టకు పట్టిన గంజిని వదిలించే కార్ఖానాలో పోశవ్వ పనిచేసేది. అమైలేజ్ అనే పొడిని నీళ్లలో కలిపి బట్ట నానబెడితే గంజి కరిగిపోతుంది. ఆ రోజు సంచి విప్పగానే పొడి ముఖం మీదికి లేచింది. ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరి ఈలలా కూసింది.

"కమలక్కా, గంజిని తిన్నట్టు నా పానాన్ని గూడ తింటదా?" అంటూ తోటి కూలీ చేయి పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు పీల్పించి, ఆమె భయం విని చెప్పింది. "గీ అమైలేజ్ మన ఉమ్మిల గూడ ఉంటది, అన్నం అరిగిస్తది. నిన్ను తినదు. గని గా దుమ్ము నీకు పడదు. మళ్ల పీలిస్తే పానం మీదికొస్తది."

పోశవ్వ భయం రెట్టింపయింది. మరునాడు కార్ఖానా యజమాని దగ్గరికి వెళ్లి, "పొడి నేను ముట్ట సేటూ, వేరే పని ఇయ్యి" అని ఏడ్చింది. ఆయన బట్ట మడతపెట్టే పని ఇచ్చాడు. అయినా పక్క గదిలో సంచి దులిపిన చప్పుడైతే చాలు, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తేది.