ఎత్తని చెయ్యి

మా ఫుట్‌బాల్ మైదానాల్లో ఫ్రీ కిక్ ఇస్తే ఎవరూ రిఫరీ చెయ్యి వంక చూడరు. "డైరెక్టా, ఇన్‌డైరెక్టా మేడమ్?" అని నోటితో అడుగుతారు. మేమూ నోటితోనే చెప్తాం. ఇన్‌డైరెక్ట్ అంటే బంతి గోల్లో పడేలోపు ఇంకొకరికి తగలాలి. ఎవరికీ తగలకుండా నేరుగా పడితే అది గోల్ కాదు, అవతలి జట్టుకి గోల్ కిక్, అంటే తమ గోలు ముందు బంతి పెట్టుకుని వాళ్ళే ఆట మళ్ళీ మొదలుపెడతారు. ఆ సంగతి అందరికీ తెలిసేలా రిఫరీ చెయ్యి పైకెత్తి నిలబడాలని రూల్స్ బుక్కులో ఉంది. కానీ ఎవరూ చూడని చెయ్యిని ఎన్నేళ్ళని ఎత్తుతాం? పద్నాలుగేళ్ళలో నా చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి దిగి, చివరికి ఎత్తడమే మానేసింది.

నేను విజయవాడలో ఒక స్కూల్లో వ్యాయామ టీచర్ని. ఆదివారాలు రిఫరీని. పక్క రిఫరీల తప్పులు పట్టుకోవడంలో నాకు పేరుంది. రిఫరీల మీటింగుల్లో నేను లేచి నిలబడితే, ఈవిడ ఇక రూల్స్ బుక్కు పేజీ నెంబరు చెప్పకుండా కూర్చోదు అని వెనక నుంచి నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. ఆ ఏడాది రాష్ట్ర రిఫరీల ప్యానెల్‌కి నా పేరు పంపుతున్నారు. అలాంటి నెలలో వచ్చింది ఆ అమ్మాయిల టోర్నమెంట్ సెమీఫైనల్.

ఒకవైపు సిటీ అకాడమీ అమ్మాయిలు. రెండోవైపు హనుమాన్ జంక్షన్ దగ్గరి ఊళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలు. వాళ్ళ కోచ్‌కి హైవే పక్కన లారీ స్పేర్ పార్టుల కొట్టుంది, పొద్దున్నే పిల్లలకి ఆట నేర్పి ఆ తర్వాత షట్టరు తీస్తాడు. ఇందులో గెలిచి ఫైనల్ చేరిన జట్టు రాష్ట్ర పోటీలకి వెళ్తుంది. జంక్షన్ జట్టు కెప్టెన్ ఇంటర్ రెండో ఏడాది. రాష్ట్ర స్థాయిలో ఆడిన సర్టిఫికెట్ ఉంటే డిగ్రీలో స్పోర్ట్స్ కోటా సీటుకి ఆశ ఉంటుందని, ఈ ఏడాది దాటితే ఆ అమ్మాయికి ఇంక అవకాశం లేదని, టాస్ వేయకముందే కోచ్ నాతో చెప్పాడు. అలాంటివి రిఫరీకి చెప్పకూడదండీ అని నేను కసిరాను.

అకాడమీ ఒక గోలు ముందుంది. ఇంకో పది నిమిషాలుందనగా అకాడమీ అమ్మాయి ఒకతి బంతి కోసం కాలు తల ఎత్తుకి లేపింది. ఎవరికీ తగల్లేదుగానీ అది ప్రమాదకరమైన ఆట, ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. విజిల్ వేశాను, ఇన్‌డైరెక్ట్ అని అలవాటు ప్రకారం నోటితో చెప్పాను. మైకులో కామెంటరీ హోరెత్తుతోంది. జంక్షన్ కెప్టెన్ నాలుగడుగులు వెనక్కి వేసి కొట్టింది. బంతి అందరి తలల మీదుగా వెళ్ళి, ఎవరికీ తగలకుండా, పై మూలన వలలో పడింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. నేను అడ్డంగా తల ఊపి గోల్ కిక్ అని చూపించాను. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఇన్‌డైరెక్ట్ అని చెప్పానుగా అన్నాను. సరేనండీ అని వెనక్కి వెళ్ళిపోయింది.

రూల్స్ బుక్కులో ఇంకొక్క వాక్యం ఉంది. రిఫరీ చెయ్యి ఎత్తకపోతే, అలాంటి కిక్ నేరుగా గోల్లో పడితే, ఆ కిక్ మళ్ళీ కొట్టించాలి. నా కుడిచెయ్యి విజిల్‌తో సహా నడుము దగ్గరే ఉంది. ఇంకో రూలూ ఉంది. ఆట మళ్ళీ మొదలయ్యాక రిఫరీ తన నిర్ణయం మార్చకూడదు. చెయ్యి సంగతి నాకు గోల్ కిక్ అయిపోయాకే తట్టిందని తర్వాత అందరికీ చెప్పాను.

మిగిలిన పది నిమిషాలు ఎలా ఆడించానో నాకే తెలియదు. బంతి ఎక్కడుందో చూడకుండా జంక్షన్ పిల్లలు ఒక్క గోలు వేస్తే బాగుండునని అనుకుంటున్నాను, రిఫరీ కోరుకోకూడని కోరిక అది. వాళ్ళు వేయలేదు. ఒకటి-సున్నాతో ఆట ముగిసింది.

అభ్యంతరం ఉంటే మ్యాచ్ అయిన గంటలోపు కాగితం రాసివ్వాలని ఆ టోర్నమెంట్ నియమం. నేను టెంటు కింద కూర్చుని రిపోర్టు ఫారం ముందేసుకున్నాను. స్కోరు రాశాను, ఎల్లో కార్డులు లేవని రాశాను. 'ఇతర విషయాలు' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎవరో టీ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. వాచీ చూసుకుంటే ఇరవై నిమిషాలే గడిచాయి. ఇంకో నలభై నిమిషాలు ఎవరూ నోరెత్తకపోతే ఇది ఇక్కడితో పోతుంది. ప్యానెల్‌కి నా పేరు వెళ్తుంది. ఆ ఆలోచనకి నాకు సిగ్గేసింది, అయినా మళ్ళీ వాచీ చూసుకున్నాను.

వాళ్ళ కోచ్ వచ్చాడు. వెనకాలే బూట్లు చేత్తో పట్టుకుని పిల్లలు. పోట్లాటకి అనుకున్నాను. తీరా చూస్తే పోట్లాటకి కాదు.

"ఒక్క డౌటండి మేడమ్. ఇన్‌డైరెక్ట్ స్ట్రెయిట్‌గా పడితే గోల్ కిక్కే కదండీ? మీ నోటితో చెప్తే పిల్లలు గుర్తు పెట్టుకుంటారని."

"అవునండి," అన్నాను.

అబద్ధం కాదు. రూలు ప్రకారం అక్షరాలా నిజం. పిల్లలు తలలూపారు. కెప్టెన్ పక్క అమ్మాయితో, నేనే చూసుకోవాల్సింది అంది. ఆ మాట నేను విన్నాను. వాళ్ళు పది అడుగులు వెళ్ళాక లేచి పిలిచాను.

చెయ్యి సంగతి చెప్పాను. కిక్ మళ్ళీ కొట్టించాల్సిందని, తప్పు నాదని, కాగితం రాసిస్తే మ్యాచ్ మళ్ళీ పెట్టే అవకాశం ఉందని చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఇబ్బందిపడ్డాడు. మీలాంటివారి మీద ఎలా రాస్తామండీ, రేపు మళ్ళీ మొహమొహాలు చూసుకోవాలి కదండీ అని నీళ్ళు నమిలాడు. నాకు కోపం వచ్చింది. మొహమాటానికి పిల్లల ఏడాది పోగొడతారా అని గట్టిగానే అడిగాను. చివరికి కాగితం నేనే ఇచ్చాను, పెన్ను నేనే ఇచ్చాను, నా మీద ఫిర్యాదు నేనే చెప్తుంటే ఆయన రాశాడు. 'రిఫరీ గారు' అని రాస్తుంటే 'గారు' వద్దన్నాను. తీసేయలేదు. 'రిఫరీ గారు పొరపాటున గమనించక' అని రాశాడు. ఆ 'గమనించక' దగ్గర నేను ఏమీ అనలేదు.

గంటకి ఇంకా తొమ్మిది నిమిషాలుండగా కాగితం కమిటీ చేతికి వెళ్ళింది. జంక్షన్ పిల్లలు వెళ్తూ ఉండగా కెప్టెన్ వెనక్కి తిరిగి వచ్చింది.

"అప్పుడే గుర్తొచ్చి ఉంటే మళ్ళీ కొట్టనిచ్చేవారా మేడమ్?"

"తప్పకుండా ఇచ్చేదాన్నమ్మా."

ఇక్కడ రాస్తున్నది జ్ఞాపకం కాబట్టి నిజం రాయాలి. అప్పుడే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి నా ముందు నిలబడి, సరేనండీ అని వెళ్తున్నప్పుడే నడుము దగ్గరున్న నా చెయ్యి నాకు కనిపించింది. గోల్‌కీపర్ ఇంకా బంతి పెట్టుకుంటోంది. పది సెకన్లు ఉన్నాయి. మళ్ళీ కొట్టిస్తే అకాడమీ వాళ్ళు మీదికి వస్తారు, ఇన్నేళ్ళూ పేజీ నెంబర్లు చెప్పిన మనిషి చెయ్యి ఎత్తడం మరిచిపోయిందని మీటింగులో అంటారు. ఇంతే ఆలోచించాను. తొందరగా కొట్టమ్మా అని కీపర్‌ని నేనే అదిలించాను. బంతి కదిలాక ఇంక మార్చడానికి వీల్లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

మ్యాచ్ మళ్ళీ పెట్టారు, వేరే రిఫరీతో. జంక్షన్ పిల్లలు రెండు-సున్నాతో ఓడిపోయారు. ప్యానెల్‌కి ఆ ఏడాది నా పేరు వెళ్ళలేదు. అందుకు బాధపడలేదని అనను.

ఆ అమ్మాయి ఇప్పుడు విజయవాడలోనే మామూలు సీటులో డిగ్రీ చదువుతోంది. ఆదివారాలు చిన్నపిల్లల్ని వెంటేసుకుని మ్యాచ్‌లకి వస్తుంది. ఇప్పుడు ప్రతి ఇన్‌డైరెక్ట్‌కీ నా చెయ్యి నిటారుగా లేస్తుంది, ఎవరు చూసినా చూడకపోయినా. మొన్న ఆట మొదలవకముందు ఆ అమ్మాయి నన్ను చూపించి పిల్లలకి చెప్తోంది.

"ఈ మేడమే. తప్పు జరిగితే ఎవరూ అడక్కుండానే తనే ఒప్పేసుకున్నారు. మీరూ అలా ఉండాలి."

పిల్లలు నాకు నమస్కారం పెట్టారు. నేనూ చేతులు జోడించి, టైమైందని చెప్పి మైదానంలోకి వెళ్ళిపోయాను.