పొద్దెక్కినాక వచ్చే చుట్టాలు

కనకమ్మ ఇంటి గేటుకు పట్టపగలు తాళం పడటం వేములపల్లిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. దామోదర్ భార్య అంటే గుమ్మం తొక్కిన మనిషిని చాయ్ తాగించకుండా పంపదని పేరు. అలాంటి ఇంటికి ఆ వారమంతా గొలుసు, గొలుసుకు తాళం. లోపల వరండాలో కుర్చీ వేసుకుని కనకమ్మ కాపలా కూర్చుంది. దొంగల భయంతో కాదు, చుట్టాల భయంతో.

కనకమ్మ పుట్టిల్లు పెద్దవూర. వేములపల్లికి కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె చేతివేళ్ల గురించి ఊరు ఊరంతా చెప్పుకునేది. ఏ ఇంట్లో పెళ్లి సారెకు సకినాలు చుట్టాలన్నా కనకమ్మకే కబురు వచ్చేది. తడిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తుంటే, పక్కన కూర్చున్న ఆడవాళ్లు తమ పని ఆపి చూసేవారు. ఆ వేళ్లకే కీళ్లవాతం వచ్చింది.

ఎనిమిదేళ్ల కిందట కణుపుల్లో వాపుగా మొదలై మణికట్లకు, మోకాళ్లకు, అరికాళ్లకు పాకింది. వయసు మీద పడి కీళ్లు అరిగితే వచ్చే నొప్పి కాదు ఇది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి సొంత కీళ్ల మీద పడుతుందని సూర్యాపేట డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దీని గుణం ఏమిటంటే, తెల్లవారేసరికి కీళ్లన్నీ బిగుసుకుపోతాయి. ముడిచిన పిడికిలి విప్పుకోవడమే కష్టం. చెంబు పట్టుకోలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు. ఎండ ముదిరేకొద్దీ పట్టు మెల్లగా సడలి, మధ్యాహ్నానికి మనిషి మామూలుగానే తిరుగుతుంది.

ఈ గుణమే కనకమ్మ కొంప ముంచింది. పాలు పితికే వేళకు, వాకిలి ఊడ్చే వేళకు మంచం దిగలేని మనిషి మధ్యాహ్నం పెళ్లి భోజనాలకు పట్టుచీర కట్టుకుని వస్తే లోకం ఊరుకుంటుందా? అందరూ తలా ఒక మాట అన్నారు. సకినాలు చుట్టలేనంటే పొగరెక్కిందన్నారు. అందరికంటే ముందు అన్నది దామోదర్ అక్క రంగనాయకమ్మ. "పనప్పుడు నొప్పులు, పండగప్పుడు నవ్వులు" అని ఆమె ఒక పెళ్లిలో నలుగురి మధ్య అన్న మాట చుట్టాల్లో సామెతలా నిలిచిపోయింది. రంగనాయకమ్మను కోదాడలో ఇచ్చారు. అక్కడ పొద్దున్న బయలుదేరి మిర్యాలగూడలో బస్సు మారి ఆమె పుట్టింట్లో అడుగు పెట్టేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చేది. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయేది. ఆమె చూసిన కనకమ్మ ఎప్పుడూ మధ్యాహ్నపు కనకమ్మే.

దామోదర్ కాక, కనకమ్మ పొద్దుటి అవస్థ మొత్తం చూసింది బర్రెల పనికి వచ్చే గౌరీబాయి ఒక్కతే. మందు డబ్బా మూత తీసిపెట్టేదీ, చెంబు అందించేదీ ఆమే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానందట వెనకటికి ఒకామె. కనకమ్మకు నొప్పి ఒక ఎత్తు, నమ్మని లోకం ఒక ఎత్తు.

ఎన్ని గోళీలు మార్చినా లాభం లేకపోవడంతో, మందును సెలైన్‌లో కలిపి నరం గుండా మెల్లగా ఎక్కించాలని ఈ యేడు డాక్టరమ్మ తేల్చింది. ఈ మందు ఆ దారి తప్పిన శక్తిని అణుస్తుంది. అణిగినప్పుడు వేరే రోగం ఏదైనా ఒంట్లో దాక్కుని ఉంటే అది విజృంభిస్తుంది. అందుకని ముందే ఛాతీ ఎక్స్‌రే తీశారు. టీబీ ఉందేమోనని, కామెర్ల జాడ ఉందేమోనని రక్తం పరీక్షించారు. అన్నీ బాగున్నాయన్నారు. ఇక మిగిలింది ఒకటే. ఎక్కించే రోజుకు జ్వరం, దగ్గు, చీము పట్టిన పుండు ఏదీ ఉండకూడదు. ఉంటే వాయిదాయే.

డాక్టరమ్మ ఆమె ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఈ చిటికెన వేలు వంగిపోయిందమ్మా, ఇది ఇక లేవదు. మిగతావి ఇంకా తిన్నగానే ఉన్నాయి. ఆలస్యం చేస్తే అవి కూడా దక్కవు" అంది. ఆ మాట విన్నాక కనకమ్మకు ఇంకే మాటా చెవికెక్కలేదు.

అయినా మొదటి తేదీ తప్పిపోయింది. కనకమ్మ తప్పు కాదు. బాటిల్ ఎక్కిస్తారట అని కబురు పాకింది. మన వైపు బాటిల్ అంటే మనిషి మంచాన పడ్డట్టే లెక్క, చూడటానికి రాకపోతే మాట పడాలి. ఎనిమిదేళ్లలో చెయ్యి ఎలా ఉందని ఒక్క ఫోను చేయని వాళ్లంతా ఇప్పుడు బ్రెడ్డు పాకెట్లు, యాపిల్ పండ్లు పట్టుకుని దిగారు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చున్నారా? జిల్లేడాకు వెచ్చజేసి కట్టమని ఒకరు, వంకాయ మానమని ఒకరు. "గీ బాటిల్‌కు సూర్యాపేట దాకా ఎందుకు? మన ఆర్ఎంపీ అయితే గోడకు మేకు కొట్టి ఇంట్లనే ఎక్కిస్తడు" అని మరొకరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. ఇంకొకావిడ ముక్కు కారుతున్న మనవడిని తెచ్చి, "అమ్మమ్మకు ముద్దియ్యి" అంటూ కనకమ్మ ఒళ్లోనే కూర్చోబెట్టింది.

రెండు రోజులు తిరక్కుండా జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో నర్సు థర్మామీటర్ చూసి తల అడ్డంగా ఊపింది. తగ్గాక మళ్లీ తేదీ ఇస్తామన్నారు. తిరుగు దారిలో కారులో కనకమ్మ ఏడవలేదు. ఆమెకు కోపంతో ఒళ్లు మండిపోతోంది. చుట్టాల మర్యాద చుట్టాలకు దక్కింది. పోయిన రోజులు ఎవరివి? ఆ రోజుల్లో ఇంకో వేలు వంగితే, ఆ బ్రెడ్డు పాకెట్లు దాన్ని తిన్నగా చేస్తాయా?

అందుకే రెండో తేదీ రాగానే గేటుకు తాళం పడింది.

దామోదర్ చెడ్డవాడు కాదు. దవాఖానల చుట్టూ విసుక్కోకుండా తిప్పాడు. కాని చుట్టాల ముందు మాత్రం నోరు పెగలదు.

"మనిషిని గేటు కాడ నిలబెట్టి మాట్లాడితే ఎట్లుంటది సెప్పు? ఇజ్జత్ పోదా?" అన్నాడు.

"పోతే పోనియ్. నీ ఇజ్జత్ పొద్దుగాల వచ్చి నా జాకెట్ హుక్కు వెడ్తదా?" అంది కనకమ్మ.

దామోదర్ కండువా దులుపుకుని పొలం వైపు వెళ్లిపోయాడు. ఆ వారం వచ్చినవాళ్లకు కనకమ్మ వరండాలో నుంచే చెప్పింది. "బాటిల్ ఎక్కించుకొని వచ్చినంక ఫోన్ జేస్త. గప్పటిదాంక రాకుండ్రి." కొందరు నొచ్చుకున్నారు. కొందరు తెచ్చిన పండ్లు గేటుకు తగిలించి మూతి ముడుచుకుని పోయారు. గౌరీబాయికి తుమ్ములు పట్టుకుంటే తనంతట తానే పాల క్యాను బయట పెట్టి, "అమ్మా, జలుబు జేసింది, లోపలికి రాను" అని కేకేసింది. చెప్పించుకోకుండా అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే.

ఆ రోజు రానే వచ్చింది. కనకమ్మకు జ్వరం లేదు, దగ్గు లేదు. డాక్టరమ్మ చెప్పినట్టే ఖాళీ కడుపుతో పోకుండా పొద్దున్నే రెండు ఇడ్లీలు తిన్నది. నరం దొరకడానికి వీలుగా చేతులు వదులుగా ఉన్న జాకెట్టు వేసుకుంది. చలి పుడుతుందేమోనని శాలువా పెట్టుకుంది. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గేటు దాకా వచ్చింది.

గేటు బయట ఆగి ఉన్న కారు వెనక సీట్లో రంగనాయకమ్మ కూర్చుని ఉంది.

"రాత్రే వచ్చి బాబాయి ఇంట్ల పన్నది" అన్నాడు దామోదర్, పెళ్లాం ముఖం చూడకుండా. "దవాఖానల ఆడమనిషి తోడుండాలె గద. నేనే రమ్మన్న."

కనకమ్మ ఏదో అనేలోపే కారులో నుంచి దగ్గు వినిపించింది. ఒక్కసారి కాదు. ఖళ్లు ఖళ్లుమని, ఊపిరి అందనంత దగ్గు.

"వదినె, దిగు" అంది కనకమ్మ.

"ఏంటే?"

"నీకు దగ్గున్నది. దిగు."

"పొడి దగ్గేనే, ఏసీ బస్సులో వచ్చాను కదా, అందుకు. నీ కోసమే కదా కోదాడ నుంచి పనులన్నీ మానుకుని వచ్చాను!"

"జర ఆగు కనకా, అద్దాలు దించుతా" అని దామోదర్ నసిగాడు.

"అద్దాలు దించుడు గాదు, మీ అక్కను దించు. లేకుంటే నేనీడనే నిలబడ్త. ఒక్కసారి పోయి వాపసొచ్చిన. మళ్ల రాను. నా యేళ్లు వంకర వోతే మీరెవ్వరూ సాపు జెయ్యరు."

రంగనాయకమ్మ ముఖం కందగడ్డ అయింది. "తోడబుట్టినవాడి కారులోంచి నన్ను దిగమంటావా? ఇలాంటి మాట మా కోదాడలో అయితేనా..." అంటూ, దగ్గుతూనే దిగి, గేటు పక్కన దూరంగా నిలబడింది. దామోదర్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

కనకమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముందు సీటు తలుపు వైపుకు నడిచింది. అది ముందే తీసి ఉంది. సీటుకు వీపు తిప్పి అంచున కూర్చుని, ఒక్కో కాలినీ చేతులతో కాదు, ముంజేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. వేళ్లు దాని చుట్టూ ముడుచుకోలేదు. జారిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ జారాయి. రెండు మణికట్లూ కలిపి లాగబోయింది. తలుపు కొంచెం కదిలి ఆగిపోయింది. ఆమె పెదవి కొరుక్కుని మూడోసారి వేసింది.

రంగనాయకమ్మ తిట్టు నోట్లోనే ఆగింది. పుట్టింటికి ఇన్నేళ్లుగా వస్తున్న మనిషి, తెల్లారి వేళ మరదలి చేతులు చూడటం ఇదే మొదలు. వాచి, ఎర్రబడి, ఒక్క వేలు కూడా వంచలేని చేతులు.

"ఏంటే కనకా, ఇలా ఉన్నాయేంటి నీ చేతులు?" అంది.

కనకమ్మ తల తిప్పి చూసింది.

"ఎనిమిదేండ్ల సంది పొద్దుగాల గిట్లనే ఉంటయ్ వదినె. నువ్వే ఎప్పుడూ పొద్దెక్కినంక వస్తవ్."

రంగనాయకమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. కొంగు మూతికి కప్పుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి చాచి బయటి నుంచి తలుపు నెట్టింది. కారు కదిలింది.

సూర్యాపేటలో నర్సు జ్వరం చూసింది. లేదు. గొంతు చూసింది, బాగుంది. "ఇంట్లో ఎవరికన్నా దగ్గు, జలుబు ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. లేవని దామోదర్ చెప్పబోయాడు.

"దగ్గు ఉండె బిడ్డా. కారెక్కి గూసున్నది గూడ. గేటు కాడ దించి వచ్చిన" అంది కనకమ్మ.

నర్సు నవ్వుతూ కుడిచేతికి పట్టీ బిగించి నరం వెతకసాగింది. కనకమ్మ నవ్వలేదు. ఎడమ చెయ్యి దుప్పటి మీద పరుచుకుని, ఇంకా వంగని వేళ్లనే చూస్తూ, "కానియ్యి" అంది.