పది లక్షల ఒకటి

తొంభైల చివర్లో, బి.ఇడి. పూర్తిచేసి రావులపాలెంలోని ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. పదో తరగతికి లెక్కలు చెప్పే సీనియరు మాస్టారు పరీక్షలో 'పది లక్షల ఒకటి ప్రధాన సంఖ్య అవునా, కాదా?' అని అడిగారు. 'కాదు, 101తో భాగిస్తే శేషం రాదు' అని రాసిన సునీతకు సున్నా వేసి, క్లాసు బయట నిలబెట్టారు.

ఏడుస్తున్న ఆ పిల్ల పేపరు చూశాను. తను రాసిందే నిజం. స్టాఫ్‌రూములో మాస్టారికి మెల్లగా చెప్పాను.

"నిన్నగాక మొన్న వచ్చి నాకు లెక్కలు నేర్పుతారేంటండీ మీరు?" అంటూ పేపరు నా మీదికి విసిరారు.

ఆ అరుపులకు హెడ్‌మాస్టారు వచ్చారు. అక్కడున్న బోర్డు మీద 9901ని 101తో గుణించాను. సరిగ్గా 1000001 వచ్చింది. సీనియరు మాస్టారు లేచి డస్టరుతో మొత్తం తుడిచేశారు.

"చూడండమ్మా, ఈ స్కూల్లో మాత్రం అది ప్రధాన సంఖ్యే. నచ్చకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నారు హెడ్‌మాస్టారు.

మర్నాటి నుంచి వెళ్లలేదు. గొడవ జరిగిన సాయంత్రమే బస్టాండులో సునీత కనబడితే, "నీ జవాబు కరెక్టేనమ్మా," అన్నాను.

"నాకు తెలుసండి టీచర్. వాళ్లతో కూడా అన్నారా?" అని అడిగింది.

అన్నానని చెప్పగలిగాను. ఉద్యోగం పోయిన బాధ ఎప్పుడో తీరిపోయింది గానీ, తుడిచేసిన ఆ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.