గంజి పూయని చెయ్యి

పొద్దున్నే లాండ్రీకి వెళ్ళగానే మా పెద్దమ్మ అక్కడి మేస్త్రీ ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. ఎవరు ఆలస్యంగా వస్తున్నారో కనిపెట్టడానికి అతను తలుపు దగ్గరే నిలబడేవాడు. ఆవిడ తల వంచుకుని పోతూనే ఆ చేతుల మీద ఒక చూపు వేసి, "ఇంకా బాగానే ఉన్నాయి" అని నాకు మాత్రమే వినపడేలా గొణిగేది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసినప్పుడు ఈ పనిలో పెట్టించింది ఆవిడే. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి కోట్లు మా దగ్గరకి మాసిన మూటలుగా వచ్చి, తెల్లటి దొంతరలుగా వెళ్ళేవి. ముందు గదిలో ఉతికే యంత్రాలు, నడిమి గదిలో ఆవిరి ప్రెస్సులు, వెనక గదిలో డ్రయ్యరు, పెద్ద కుళాయి, మడతల బల్ల. మేమిద్దరం ఆ బల్ల దగ్గర. ఒకప్పుడు ప్రెస్సు మీద ఆవిడని మించినవాళ్ళు లేరట. ఆవిడ నొక్కిన కాలరు అట్టముక్కలా నిలబడేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రెస్సుల పక్కన ఎప్పుడూ ఒక గంజి గిన్నె ఉండేది. కాలర్లకని పెట్టిందే గాని, లాండ్రీ మొత్తానికీ మందు కూడా అదే. ఎవరికి కాలినా గంజి పూసేవాళ్ళు. పూయగానే చల్లగా ఉంటుంది, ఆరాక బిగుసుకుంటుంది. బిగుసుకుంటే మానుతున్నట్టేనని వాళ్ళ నమ్మకం. మేస్త్రీకి కుర్రతనంలో వాళ్ళ మేస్త్రీ అలాగే పూశాడట.

పెద్దమ్మ కుడి చెయ్యి ఆవిరికి ఉడికిపోయిన రోజు కూడా అతను గిన్నెలో ఉన్న గంజంతా పూసి, పాత దుప్పటి గుడ్డ బిగించి కట్టాడు. వేలికున్న ఉంగరం తీయలేదు. ఆస్పత్రికి పోతానంటే, హోటలు బండి వచ్చే వేళయింది, ఎడం చేత్తో మడతలు పెట్టు, లోడు వెళ్ళాక చూద్దాం అన్నాడు. ఆవిడ ఏడుస్తూ మడతలు పెట్టింది. లోడు వెళ్ళేసరికి చెయ్యి ఉబ్బి ఉంగరం కండలోకి దిగిపోయింది. ఆస్పత్రిలో దాన్ని కత్తిరించి తీశారు. ఎండిన గంజిని నానబెట్టి వొలుస్తుంటే చర్మమూ ఊడి వచ్చింది. కాలిన వెంటనే కుళాయి కింద పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేదా, ఈ పిండి పూసిన మహానుభావుడు ఎవరమ్మా అని నర్సు తిడుతూనే ఉందట. అంత నొప్పిలోనూ పెద్దమ్మ ఆ తిట్లన్నీ శ్రద్ధగా విని గుర్తు పెట్టుకుంది. పుండు మానింది గాని మూడు వేళ్ళు లోపలికి వంగి అలాగే ఉండిపోయాయి.

తిరిగి పనిలోకి వచ్చిన రోజు మేస్త్రీ ఆ చెయ్యి చూసి, పీత కాలులా ఉందే అన్నాడు. నలుగురూ నవ్వారు. అప్పటినుంచి ఆవిడ పేరు పీత. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకునేవాళ్ళు.

ఇంట్లో గిన్నెలు తోముతూ ఆవిడ అతన్ని కడిగిపారేసేది.

"గంజి పూసినందుకు కాదే నా కడుపుమంట. వాడికి తెలిసింది అంతే. నన్ను పోనివ్వలేదు చూడు, ఆపైన పేరు పెట్టాడు చూడు, అదీ. ఒకరోజు వాడి చెయ్యీ కాలుతుంది. గంజి తెమ్మంటాడు. నేనే తెస్తాను. రెండు పూతలు పూసి, గుడ్డ కూడా నేనే కడతాను, బిగించి."

అలాంటి మాటలు వద్దే, పాపం తగులుతుందని మా అమ్మ భయపడేది.

"తగలనీ. ఇంకో చెయ్యి ఉందిగా."

నా వేలికి పెనం చురుక్కుమంటే మాత్రం కుళాయి దగ్గరకి ఈడ్చుకుపోయి, ఇరవై నిమిషాలు కదలనిచ్చేది కాదు. డ్రయ్యరు ఒకసారి తిరిగి ఆగేటంతసేపు, గుర్తుపెట్టుకో అనేది.

ఆ రోజు ప్రెస్సుకి ఆవిరి తెచ్చే గొట్టం అతుకు దగ్గర బుసకొడుతోంది. ఆవిరి ఆపేద్దామని ప్రెస్సతను అన్నాడు. ఆపితే లోడు వెనకబడుతుందని మేస్త్రీ తనే గుడ్డ చుట్టబోయాడు. గొట్టం ఊడి వచ్చింది. కుడి చెయ్యి మోచేతి దాకా ఎర్రగా అయిపోయింది. ప్రెస్సతను పరుగెత్తి ఆవిరి కట్టేశాడు. మేస్త్రీ అరిచాడు.

"గంజి... పీతా, గంజి తే!"

పెద్దమ్మ అప్పుడే కోట్లు తీసుకెళ్ళడానికి నడిమి గదిలోకి వచ్చింది. వెనకే నేను. ఆవిడ గిన్నె అందుకుంది. ఆవిడ ముఖంలో అంత తృప్తి నేను ఎన్నడూ చూడలేదు. అతను చెయ్యి తనంతట తనే చాపాడు. ఆవిడ కుంచె ముంచింది. గంజి చుక్కలు కుంచె మీదనుంచి కారి గిన్నెలోనే పడుతున్నాయి. అందరూ చూస్తున్నారు.

ఆవిడ అతని వేలికున్న ఉంగరం చూసింది. కుంచె వదిలేసి, గిన్నె బోర్లించేసింది.

మందు పారబోసిందని అందరూ గుండెలు బాదుకున్నారు. ఇలాంటప్పుడా పగ తీర్చుకునేది, మనిషివేనా అని మూటలు కట్టే ఆవిడ అంది. పెద్దమ్మ వినిపించుకోలేదు. వంకర వేళ్ళని అతని మోచేతి పైన కొక్కెంలా తగిలించి, వెనక గదిలోకి లాక్కుపోయి, చెయ్యి కుళాయి కింద పెట్టింది.

"డ్రయ్యరు వెయ్యవే" అంది నాతో.

వేశాను.

"వదులు, చంపేస్తావా ఏంటి" అని మేస్త్రీ గింజుకున్నాడు.

"ఈ వేళ్ళు విచ్చుకోవు. నీ చలవే. ఊరికే లాక్కోకు."

ఎడం చేత్తో సబ్బు రుద్ది అతని ఉంగరం మెల్లగా జార్చింది. దాన్ని అతని కళ్ళముందు పట్టుకుని, తర్వాత అతని చొక్కా జేబులో వేసింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆవిడ గొంతు పెంచకుండా చెబుతూ పోయింది. "ఆ రోజు ఈపాటికి నేను మూడో దుప్పటి మడతపెడుతున్నాను. ఈపాటికి నా ఉంగరం కదలడం మానేసింది. ఈపాటికి నువ్వు నాకు చాయ్ పంపించి, కానీ కానీ అన్నావు." కాస్త చల్లబడింది, చాలని అతను అంటే, డ్రయ్యరు వైపు చూపించింది. అది ఇంకా తిరుగుతోంది. అతను ఏడ్చేశాడు. నొప్పికో మరి దేనికో నాకు తెలియదు.

డ్రయ్యరు ఆగింది. పెద్దమ్మ ఇస్త్రీ బట్టలకు తొడిగే కొత్త ప్లాస్టిక్ కవరు తెచ్చి, చేతి మీద వదులుగా కప్పి, హోటలు బండి డ్రైవరుని పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళమంది.

"మరి లోడు?" అన్నాడు మేస్త్రీ, అలవాటు కొద్దీ.

"ఆగుతుంది" అంది పెద్దమ్మ.

ఇంటికి వెళ్తూ ఎందుకు పూయలేదని అడిగాను.

"పూస్తే చెల్లుకు చెల్లయిపోయేది. వాణ్ణి అలా వదిలెయ్యడం నాకిష్టం లేదు."

కొన్నాళ్ళకి మేస్త్రీ పనిలోకి వచ్చాడు. చర్మం గులాబీ రంగులో పలచగా ఉంది గాని, వేళ్ళు అయిదూ బాగున్నాయి. ఆ రోజు వెనక గది వైపు రాలేదు. పెద్దమ్మ నన్ను పంపింది. అతనితో ఎన్నడూ నోరు విప్పని నేను వెళ్ళి, పెద్దమ్మ పిలుస్తోందని చెప్పాను. వచ్చాడు.

"చూపించు" అంది.

చాపాడు.

"ముడువు. ఇప్పుడు విప్పు."

విప్పాడు. ఆవిడ తన చెయ్యి తెచ్చి దాని పక్కన బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ అలా ఉన్నాయి. గదిలో ఎవరూ నవ్వలేదు.

"రేపు కూడా రా."

"వస్తానక్కా" అన్నాడు.

రోజూ వస్తున్నాడు. వేళ్ళు బాగా విచ్చుకున్న రోజు ఆవిడ అతన్ని ఇంకాసేపు నిలబెడుతుంది.