కొత్తగానే ఉండిపోయిన డ్రైయర్

హైటెక్ సిటీలో పనిచేసే మా బావమరిది "ఇరవై ఏళ్లు ఢోకా లేదు బావగారూ" అని నిరుడు కొనిపించిన బట్టల మిషను ఈ ఉదయం ఆగిపోయింది. కింద ఉతికేది, పైన ఆరబెట్టే డ్రైయర్, రెండూ కలిపి బిగించిన రకం.

మెకానిక్ విప్పి చూశాడు. "మన హఫీజ్‌పేట్ ఉప్పు బోరు నీళ్లకు కిందిది ఖరాబైంది సార్. పైది గింత కొత్తగ ఉన్నదేంది?"

"కరెంటు దండగని వాడం. డాబా మీద ఎండ ఉందిగా!" అన్నాను. ఏ పనీ చేయకుండా నిగనిగలాడిన మా పాత ఆఫీసర్లు గుర్తొచ్చి, వాళ్లను నాలుగు తిట్టాను.

వంటింట్లోంచి మా ఆవిడ అంది: "తడిబట్టల బకెట్టుతో రోజూ మూడంతస్తులు ఎక్కుతున్నది నేనండీ. మీరు ఒక్కరోజైనా ఎక్కారా?"

మెకానిక్ తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాడు.

సాయంత్రానికి మిషను బాగైంది. డ్రైయర్‌ని మొదటిసారి నేనే ఆన్ చేశాను. మీ ఇంట్లో బకెట్టు ఎవరు మోస్తున్నారు?