కొండ మీంచి సముద్రం

మొన్న విశాఖపట్నంలో సైకిళ్ళ దుకాణానికి వెళ్ళాను. డాక్టరు నా మోకాళ్ళు నొక్కి చూసి, ఇక నడక మానేసి సైకిలు తొక్కమన్నాడు. దుకాణం యజమాని నా బొజ్జ కనబడనట్టే మర్యాదగా నటిస్తూ, లావు టైర్లూ ఇరవై ఒక్క గేర్లూ ఉన్న సైకిలొకటి ముందుకు నెట్టి, "ఇది కొండలు కూడా ఎక్కేస్తుంది సార్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒక్క గేరూ లేని సైకిళ్ళతో మేం ముగ్గురం ఒక వేసవిలో మహేంద్రగిరి మీదికి బయల్దేరాం. సైకిళ్ళ మీద కొండెక్కామని చెప్పుకుంటాం గానీ, నిజానికి చాలా దూరం సైకిళ్ళే మా భుజాలెక్కాయి.

తొంభైల చివర్లో మాట. డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోయాయి. మాది పలాస. జీడిపిక్కలు కాల్చే వాసన మా బట్టల్లోంచి ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. సెలవులొస్తే ఉద్దానంలో మా మేనత్త ఊరు వెళ్ళిపోయేవాణ్ణి. అక్కడ కొబ్బరి చెట్ల నీడలో మధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉండేది. మేనత్త కొడుకు, అంటే మా బావ, నాకంటే ఆరు నెలలు పెద్ద. ఆ ఆరు నెలల్నీ ఆరేళ్ళలా వాడుకునేవాడు. ఆ ఏడే కొత్త సైకిలు కొన్నాడు. తిన్నటి హ్యాండిలు, గరుకు టైర్లు, వెనక క్యారియర్ లేదు. "మరి కొబ్బరికాయల బస్తా ఎక్కడెడతావురా, నెత్తి మీదా?" అని మేనత్త రోజుకోసారైనా అడిగేది. నాది మా నాన్న సైకిలు. దానికి బెల్లు తప్ప అన్నీ మోగేవి. మూడోవాడు మా కాలేజీ స్నేహితుడు, సముద్రపొడ్డు ఊరివాడు. వాళ్ళ ఇంట్లో అందరిదీ చేపల వేటే. ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకర్నొకరం మావా అనుకునేవాళ్ళం. వాడు ఎక్కింది అద్దె సైకిలు.

కొండకి వెళ్దామన్నది వాడే. వాళ్ళ నాన్నకి చూపు మందగించింది. ఇల్లు గడవడానికి వాడు మరో వారంలో గుజరాత్‌లో బోట్ల మీద పనికి చిన్నాన్న దగ్గరికి వెళ్ళిపోవాలి. "మా అయ్య యేట నుంచి తిరిగొచ్చినప్పుడు ఆ కొండనే గురుతెట్టుకుంటాడు మావా. నడిసముద్రంలో ఉన్నా అది కనబడితే ఇంటికొచ్చేసినట్టే అంటాడు. ఆ కొండ మీంచి మా సముద్రం ఎలాగుంటాదో ఎల్లిపోయే ముందు ఒక్కసారి సూడాలి" అన్నాడు. కొండ అంటే మేనత్త పంపదు కాబట్టి, మందస వెళ్ళి కోవా తెస్తామని చెప్పాం.

వేకువనే బయల్దేరి, ఎండ ముదిరే వేళకి మందస దాటాం. కొండ మొదట్లో దారి బాగానే ఉంది. తర్వాత బండి జాడ, ఆ తర్వాత రాళ్ళు మాత్రమే మిగిలాయి. బావ కొత్త సైకిలు మీద లేచి నిలబడి తొక్కుతూ, ప్రతి మలుపు దగ్గరా ఆగి మా వైపు జాలిగా చూసేవాడు. నా చైను మూడుసార్లు ఊడింది. నీళ్ళు పదింటికే అయిపోయాయి. ఒక సవర గూడెం దగ్గర ఓ ముసలమ్మ మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండానే చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసింది. అంత చల్లటి వస్తువు ఈ లోకంలో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. బావ మూడు డొప్పలు తాగి, ఆవిడ నవ్వితే సిగ్గుపడ్డాడు.

మిట్టమధ్యాహ్నానికి సగం కొండ మీద ఒక చదును బండ దగ్గరికి చేరాం. అక్కణ్ణుంచి తూర్పంతా కనబడాలి. కనబడింది తెల్లటి మసక. ఎండకి గాలి ఉడికిపోయి, కింద కొబ్బరి తోటలే పాచిలా కళ్ళకి ఆనీ ఆననట్టున్నాయి. వాటి అవతల ఏమీ లేదు. బావ ఎక్కడో మెరుస్తున్న నీళ్ళు చూపించి, "అదిగో రా నీ సముద్రం" అన్నాడు. వాడు ఒక్క క్షణం చూసి, "అది సెరువు బావా" అన్నాడు.

బండ మీద గొంతుక్కూర్చుని కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తున్నాడు. "ఇంకో గంట ఉందుం. గాలి తిరుగుతాది" అన్నాడు. బావకి ఆకలి, నాకు ఎండకి ఒళ్ళంతా మంట. ఉండలేమన్నాడు బావ. ఇద్దరూ నావైపు చూశారు. నేను "పోదాం" అన్నాను. వాడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. పాతికేళ్ళు దాటినా ఆ దులుపుకోవడం నాకు గుర్తే.

దిగుతున్నప్పుడు బావ ముందు. మూడో మలుపులో గులకరాళ్ళ మీద వాడి సైకిలు జారింది. మేం చేరేసరికి ఎడం భుజం కిందికి వేలాడుతోంది, మొహంలో నెత్తురు లేదు. మెడ కింది ఎముక విరిగిందని తర్వాత తెలిసింది. కొత్త సైకిల్నీ అద్దె సైకిల్నీ అటుగా వచ్చిన గూడెం మనిషికి అప్పగించి, వాణ్ణి మా నాన్న సైకిలు క్యారియర్ మీద కూర్చోబెట్టి, చేతిని తువ్వాలుతో ఛాతీకి కట్టాం. నేను హ్యాండిలు పట్టుకున్నాను. స్నేహితుడు పక్కనే నడుస్తూ రెండు చేతులతో బావని ఒడిసి పట్టుకున్నాడు. ప్రతి రాయికీ బావ కేక వేస్తున్నాడు.

ఉన్నట్టుండి ఈదురుగాలి, వెంటనే నాలుగు పెద్ద చినుకులు, పావుగంట వాన. వెలిసేసరికి గాలి కడిగినట్టయింది. చెట్ల సందులోంచి నాకు కనబడింది. తోటల పచ్చదనం, దాని వెనక సన్నటి ఇసుక గీత, ఆపైన ఆకాశం సగానికి లేచి నిలబడ్డట్టు నీలంగా సముద్రం. "మావా, అదిగో! ఇటు సూడు" అని అరిచాను.

వాడు తల తిప్పలేదు. "నానొగ్గేత్తే ఈడు పడిపోతాడు. నువ్వు ముందు సూసి నడువు" అన్నాడు.

బావ కళ్ళు మూసుకునే, "ఆగండ్రా, సూడనీండి ఆణ్ణి" అన్నాడు. మేం ఆగలేదు. మలుపు తిరిగాక మళ్ళీ కొండలే అడ్డం వచ్చాయి.

మందసలో కట్టు కట్టించి, ఎవరిదో జీపులో ఊరు చేరేసరికి దీపాలు పెట్టారు. మేనత్త వాకిట్లోనే ఉంది. కొడుకు చేతిని చూసి, "కోవా ఏదిరా?" అంది. తర్వాత కూర్చుని ఏడ్చింది. వారం తిరిగాక పలాస స్టేషన్లో స్నేహితుణ్ణి రైలెక్కించాం. బావ కట్టుతోనే వచ్చి, కుడిచేత్తో వాడి మెడ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

రెండేళ్ళ తర్వాత గుజరాత్ నుంచి ఒకసారి ఫోను చేశాడు. పెళ్ళయిందన్నాడు. బోటు మీద దిక్కు చూపించే పరికరం పెట్టారట. "అది సూసుకుంటే ఎక్కడికైనా ఎల్లొచ్చు మావా. కానీ మన కొండలాగ పిలవదు" అన్నాడు. మళ్ళీ రమ్మన్నాను, ముగ్గురం ఎక్కుదామన్నాను. వత్తానన్నాడు. తర్వాత వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా తీసుకుపోయాడని తెలిసింది. వాళ్ళ ఊరు వెళ్ళి అడిగితే నంబరు ఎవరి దగ్గరా లేదు.

బావా నేనూ కొండకి రోడ్డు పడ్డాక జీపులో రెండుసార్లు ఆ బండ దాకా వెళ్ళాం. రెండుసార్లూ సముద్రం స్పష్టంగా కనబడింది. ఇద్దరం ఎక్కువసేపు చూడలేకపోయాం. అప్పుడు మాకు కావలసినంత తీరిక ఉంది, వాడు అడిగింది ఒక్క గంట. ఇప్పుడు ఎన్ని గంటలైనా ఇస్తాం, తీసుకోవడానికి వాడు మా దగ్గర లేడు.